ఔగుస్ట్ హోర్ఖ్

జర్మనీ దేశపు పశ్చిమభాగమున మోసెల్ అను నది వంకలు తిరుగుచు ప్రవహించి కోబ్లెంజ్ నగరమువద్ద రైను నదిలో కలియును. ఆ నదికి ఇరువైపుల నిటారుగానున్న కొండవాలులపై జనులు తరతరములుగా ద్రాక్షతోటలు పెంచుచున్నారు. కోబ్లెంజ్ నగరమునకు కొలదిదూరమున, ఆ తోటల నడుమ, వినింగెన్ అను చిన్న గ్రామము కలదు. అచ్చట 1868 వ సంవత్సరము అక్టోబరు 12 వ తేదీన ఔగుస్ట్ హోర్ఖ్ జన్మించెను. అతని తండ్రి కమ్మరి. కొలిమితోపాటు కొంత ద్రాక్షతోటయు ఆ కుటుంబమునకు జీవనాధారముగా నుండెను.

కమ్మరి యింట పుట్టిన బాలునకు మొదటి పాఠశాల కొలిమియే కదా! హోర్ఖ్ పలక బలపము విడిచిన కొలదికాలమునకే తండ్రి ప్రక్కన నిలిచి తిత్తులూదుటయు, దాకలిపై ఇనుము సాగగొట్టుటయు నేర్చెను. ఎఱ్ఱగ కాలిన ఇనుమును చూచి, అది ఏ వన్నెకు వచ్చినప్పుడు వంగునో, ఏ వన్నె దాటినచో చెడునో చెప్పగల నేర్పు పుస్తకములవలన వచ్చునది కాదు. పెద్దవాడై గొప్ప యంత్రశాలలకు అధిపతియైన పిమ్మటకూడ అతడు లోహమును చేతితో తాకి చూచి కాని నమ్మెడివాడు కాడు.

ఆ దేశమున చేతిపనులవారికి ఒక ఆచారముండెను. పని నేర్చిన యువకుడు మూటను భుజమున వేసికొని ఊరినుండి ఊరికి పోవుచు, కొందరు యజమానులవద్ద కూలికి పనిచేసి, క్రొత్త పద్ధతులు చూచి రావలెను. హోర్ఖ్ ఈ ఆచారము ననుసరించి ఇల్లు విడిచి జర్మనీ యెల్లలు దాటి బాల్కను దేశములవరకు పోయెను. అచ్చట రైలుదారులు వేయుచున్న చోట్ల పనిచేసెను. కాని సుత్తిపట్టినంత మాత్రమున యంత్రముయొక్క లోగుట్టు తెలియదని అతడు త్వరలోనే గ్రహించెను. ఇరువది యేండ్ల ప్రాయమున సాక్సనీ ప్రాంతములోని మిత్వైడా అను పట్టణమున సాంకేతిక విద్యాలయమున చేరి గణితము, యంత్రశాస్త్రము చదివెను. పిమ్మట రోస్టాక్, లైప్‌జిగ్ నగరముల కర్మాగారములలో ఇంజనీరుగా పనిచేసెను.

అప్పటికి మోటారు కారు పుట్టి పదియేండ్లైనను నిండలేదు. 1886 లో మాన్‌హైమ్ నగరమున కార్ల్ బెంజ్ అను నాతడు పెట్రోలుతో నడచు మూడుచక్రముల బండికి పేటెంటు పొందెను. గుఱ్ఱములు లేకుండ బండి నడచుట జనులకు గారడీవలె తోచుచుండిన కాలమది. 1896 లో హోర్ఖ్ ఆ బెంజ్ కర్మాగారమున ప్రవేశించెను. కొలదికాలములోనే బెంజ్ అతని సామర్థ్యమును గుర్తించి కార్లు తయారుచేయు విభాగమంతటిపై పెత్తనమిచ్చెను.

బెంజ్ గొప్పవాడే. కాని తాను కనిపెట్టిన దానిని మార్చుటకు అంగీకరింపనివాడు. ఆనాటి బెంజ్ కార్లలో ఇంజను బండి వెనుకభాగమున నుండెను. దాని బలము తోలుపట్టాలద్వారమున ఒక ఇరుసునకును, అచ్చటినుండి గొలుసులద్వారమున చక్రములకును పోవుచుండెను. తోలు తడిసినచో పట్టు తప్పును. ఇంజను తిరుగునప్పుడు బండి యంతయు జ్వరము వచ్చినవానివలె వణకుచుండెను. ఇంజనును ముందుకు తేవలెననియు, వణకును తగ్గింపవలెననియు హోర్ఖ్ మరల మరల విన్నవించెను. కార్లు బాగుగనే అమ్ముడుపోవుచున్నవి గదా, మార్పు లెందులకని బెంజ్ తలచెను. గురువు శిష్యులిద్దరును మంచివారే యైనను, ఒకే కర్మాగారమున ఇద్దరికి చోటు చాలలేదు. 1899 లో హోర్ఖ్ ఉద్యోగము విడిచెను.

ఆ సంవత్సరము నవంబరు నెలలో కొలోన్ నగరమున తన పేరిట ఒక చిన్న కంపెనీని స్థాపించెను. ధనమిచ్చినవాడు ఒక వస్త్రవ్యాపారి. మొదట ఇతరుల కార్లు మరమ్మతు చేయుచు, 1901 సంవత్సరారంభమున తన మొదటి కారును బాటపైకి తెచ్చెను. అందు ఇంజను ముందుభాగమున నుండెను. దాని బలము ఐదు గుఱ్ఱముల శక్తికి మించదు. కాని అది ఇతర ఇంజనులవలె బండిని ఊపివేయదు. కదలెడి భాగములలో ఒకదాని ఊపు మఱియొకదాని ఊపును అణచునట్లు హోర్ఖ్ దానిని కూర్చెను. ఇంజను పెట్టెను బరువైన పోతయినుముతో గాక అల్యూమినియము కలిసిన తేలిక లోహముతో పోతపోయించెను. కొలదికాలమునకే గొలుసులకు బదులు తిరుగెడి కడ్డీద్వారమున చక్రములకు బలమందించు పద్ధతిని అవలంబించెను. గేరు పండ్లు త్వరగా విరుగుచుండుట చూచి, వానికి నికెలు, క్రోమియము కలిపిన గట్టి ఉక్కును వాడెను. ఇక్కడ కొలిమియొద్ద నేర్చిన విద్య అక్కరకు వచ్చెను.

కంపెనీకి ధనము చాలక 1902 లో రైఖెన్‌బాఖ్ పట్టణమునకు, 1904 లో త్స్వికావు నగరమునకు మకాము మార్చవలసివచ్చెను. త్స్వికావు సాక్సనీలోని బొగ్గుగనుల ఊరు. రాబర్ట్ షూమన్ అను సంగీతవిద్వాంసుడు పుట్టిన చోటు. ఇచ్చట కంపెనీ వాటాదారుల సంస్థగా మారెను. ఈ మార్పును బాగుగ గుర్తుంచుకొనవలెను. అంతవరకు హోర్ఖ్ కంపెనీ హోర్ఖ్‌ది. ఇప్పుడది వాటాదారులది. అతడందు పనిచేయు పెద్ద ఇంజనీరు మాత్రమే.

ఆ రోజులలో కారు మంచిదని ఋజువు చేయుటకు పందెములకు మించిన మార్గము లేదు. కేవలము వేగమునకై కట్టిన బండ్ల పందెములు వేరు. సామాన్యముగా నలుగురు కూర్చుండి ప్రయాణము చేయు కార్లను వందల కిలోమీటర్లు నడిపి పరీక్షించు పోటీలు వేరు. ఈ రెండవ తరగతి పోటీలయందే హోర్ఖ్‌కు మక్కువ. తన కారు ధనికుల విలాసవస్తువు కాక, కుటుంబమును గమ్యస్థానమునకు చేర్చునదియై, అదే సమయమున చురుకుగ నడచునది కావలెనని అతని కోరిక. 1906 లో హెర్కోమర్ అను చిత్రకారుని పేర జరిగిన అట్టి పోటీలో త్స్వికావు నగరపు న్యాయవాది యొకడు హోర్ఖ్ కారు నడిపి, దానికంటె ఎన్నోరెట్లు బలము గల కార్లను వెనుకకు నెట్టి ప్రథమస్థానము పొందెను. హోర్ఖ్ పేరు దేశమంతట మ్రోగెను.

అయితే గెలుపు ఎల్లప్పుడు నుండదు. తరువాతి సంవత్సరముల పోటీలలో ఆశించిన ఫలము దక్కలేదు. హోర్ఖ్ తలపెట్టిన ఆరు సిలిండర్ల పెద్ద కారు సరిగా అమ్ముడుపోలేదు. పందెములకు ధనము నీళ్లవలె వ్యయమగుచున్నదని డైరెక్టర్లు గొణగసాగిరి. వారి పక్షమునను న్యాయము లేకపోలేదు. వాటాదారుల సొమ్మునకు వారు జవాబుదారులు. కాని ఇంజనీరు మాటయు, లెక్కలవాని మాటయు కలియక రోజురోజునకు విరోధము ముదిరెను. 1909 జూన్ నెలలో హోర్ఖ్ తాను స్థాపించిన కంపెనీనుండియే బయటకు నడువవలసివచ్చెను. అప్పటికతనికి నలువది యేండ్లు.

ఇట్టి సమయమున మఱియొకడైనచో ఊరు విడిచి పోవును. హోర్ఖ్ పోలేదు. నెల తిరుగకుండ అదే త్స్వికావు నగరమున, కొందరు మిత్రుల సాయముతో, మఱియొక కంపెనీని ప్రారంభించెను. దానికిని తన పేరే పెట్టెను. పాత కంపెనీవారు ఊరకుండలేదు. హోర్ఖ్ అను పేరు తమ వ్యాపారచిహ్నమనియు, ఆ పేరుతో మఱియొకరు కార్లమ్మరాదనియు వ్యాజ్యము వేసిరి. అది క్రింది న్యాయస్థానమునుండి లైప్‌జిగ్‌లోని అత్యున్నత న్యాయస్థానమువరకు పోయెను. హోర్ఖ్ ఓడిపోయెను. తండ్రి తాతలనుండి వచ్చిన ఇంటిపేరును తన చేతితో చేసిన వస్తువుపై వ్రాసికొనుటకు అతనికి హక్కు లేకపోయెను! వినుటకిది వింతగనే యుండును. కాని వ్యాపారమున పేరు కూడ ఒక ఆస్తియే. దానిని చూచియే జనులు కొనెదరు. కనుక న్యాయస్థానము ఆ ఆస్తి కంపెనీదని తీర్పు చెప్పెను.

కర్మాగారము సిద్ధమైనది, నమూనాలు సిద్ధమైనవి, కారుకు పేరు లేదు. ఏమి చేయవలెనో ఆలోచించుటకు హోర్ఖ్, అతని సహచరులు ఫ్రాంజ్ ఫికెంట్‌షర్ అను మిత్రుని యింట సమావేశమైరి. చాల ప్రొద్దుపోయెను. ఒకరు చెప్పిన పేరు మఱియొకరికి నచ్చలేదు. ఆ గదిలోనే ఒక మూల ఫికెంట్‌షర్ కుమారుడు హైన్‌రిఖ్ అను బాలుడు మరునాటి లాటిన్ పాఠము చదువుకొనుచుండెను. మన బడులలో సంస్కృతమువలె ఆ దేశపు బడులలో లాటిన్ భాష పాఠ్యాంశము. బాలుడు పుస్తకమువైపు చూచుచున్నను చెవులు మాత్రము పెద్దల మాటలపైననే యుండెను. పలుమార్లు ఏదో చెప్పబోయి, పెద్దల నడుమ మాటాడుటకు జంకి, మింగివేసెను. తుదకు ఆపుకొనలేక తండ్రికి తన ఆలోచన తెలిపెను.

జర్మను భాషలో హోర్ఖ్ అనునది ఇంటిపేరు మాత్రమే కాదు; దానికి విను అను అర్థమును కలదు. చెవి యొగ్గి వినుమని ఒకరితో చెప్పు మాట యది. అదే అర్థము లాటిన్ భాషలో ఔడి అను మాటకు కలదు. పేరును నోట పలుకరాదని న్యాయస్థానము శాసించినదే కాని, దాని అర్థమును శాసింపలేదు. హోర్ఖ్ అనుటకు మారుగా ఔడి అన్నచో చాలదా యని బాలుని ప్రశ్న. గదిలోని వారందరు సంతోషముతో ఆ మాట నంగీకరించిరి. 1910 ఏప్రిలు నెలలో కంపెనీ పేరు ఔడి యని నమోదయ్యెను. నేడు మన వీథులలో జనులు ఆడి యని పిలుచు కారు పేరు ఇట్లు ఒక బడిపిల్లవాని వ్యాకరణపాఠమునుండి వచ్చినది.

పేరు దొరకెను. కాని ఆ పేరు ఎవరికి తెలియును? హోర్ఖ్ అన్న మాటకు పదియేండ్ల కీర్తి యుండెను. ఔడి అన్న మాటకు నిన్నటి పుట్టుక. దానికి గౌరవము సంపాదించుటకు హోర్ఖ్ ఒకే మార్గము నెంచుకొనెను. తాను చేసిన కారును తానే నడిపి చూపవలెను.

ఆ కాలమున ఆస్ట్రియా దేశమున ఆల్ప్స్ పర్వతములపై ఏటేట ఒక కఠినపరీక్ష జరుగుచుండెను. నేటివలె చదునైన తారురోడ్లు కావవి. ఎడ్లబండ్లకు, గుఱ్ఱపుబండ్లకు వేసిన కంకరబాటలు. ఒకవైపు కొండ, మఱియొకవైపు లోయ. కనుమ యెక్కునప్పుడు నీరు మరగి ఆవిరియై పోవును; దిగునప్పుడు బ్రేకులు కాలి కమురు వాసన వేయును. ముందుచక్రములకు బ్రేకులుండు ఆచారము ఇంకను రాలేదు. దారిలో యంత్రము చెడి ఆగినచో అపరాధపు మార్కులు వేయుదురు. ఒక్క అపరాధపు మార్కును లేకుండ పోటీ ముగించుటయే పరమావధి.

ఆ బాట యెంత కఠినమో తెలియుటకు ఒక్క సంగతి చాలును. కాట్ష్‌బెర్గ్ అను కనుమ సముద్రమట్టమునకు 1,641 మీటర్ల యెత్తున నున్నది. 1912 లో ఇంగ్లండునుండి వచ్చిన రోల్స్ రాయిస్ కారు, ఆనాడు లోకములోని కార్లలో మేటియని పేరు పొందినదియై యుండియు, ఆ కనుమ యెక్కలేక నిలిచిపోయెను. దానికి మూడు గేర్లే యుండెను. అంతటి యెత్తునకు తగిన చిన్న గేరు లేదు. ఆ కంపెనీవారు అవమానము దిగమ్రింగి, మరుసటియేడు నాలుగు గేర్లు గల కార్లతో వచ్చి తమ గౌరవమును నిలుపుకొనిరి.

అట్టి బాటలపై 1911 లో హోర్ఖ్ స్వయముగ చుక్కాని చక్రము పట్టెను. కంపెనీ యజమాని, నలువది దాటినవాడు, ధూళికి కండ్లద్దములు పెట్టుకొని తన క్రొత్త కారును కొండలమీదుగ నడుపుచుండుట చూచి జనులు ఆశ్చర్యపడిరి. అతడు ఒక్క అపరాధపు మార్కు కూడ లేకుండ పరీక్ష ముగించెను. ఆ పిమ్మట 1912, 1913, 1914 సంవత్సరములలోను ఔడి కార్లు ఆల్ప్స్ పరీక్షయందు వరుసగ జయము గాంచెను. పోటీదారుల వరుసలో హోర్ఖ్ ప్రతిసారియు నుండెను. 1914 నాటి పరీక్షలో బాట రెండువేల కిలోమీటర్లకు చాల మించినది. ఐదు ఔడి కార్లు బయలుదేరెను. ఐదును అపరాధపు మార్కు లేకుండ గమ్యము చేరెను. 35 గుఱ్ఱముల శక్తి గల ఆ నమూనాకు జనులు ఆల్ప్స్ విజేతయని పేరు పెట్టిరి.

యజమాని తానే నడుపుటలో గొప్ప లాభము కలదు. కర్మాగారమున కూర్చున్న ఇంజనీరునకు ఫిర్యాదులు కాగితములపై వచ్చును. నడుపువానికి అవి వ్రేళ్లద్వారమున, నడుముద్వారమున తెలియును. ఏ మలుపున కారు బయటకు లాగునో, ఏ గేరున ఇంజను రొప్పునో, ఏ శబ్దము మేలుకు, ఏ శబ్దము కీడుకు సూచనయో హోర్ఖ్ ఒంటితో నేర్చెను. విను అను అర్థము గల పేరు అతని కార్లకు తగినదే యనవలెను.

1914 జూన్ నెలలో ఆ పోటీ ముగిసిన కొలది దినములకే సరయేవో నగరమున ఆస్ట్రియా యువరాజు హత్య జరిగెను. జూలై నెల చివర మహాయుద్ధము ఆరంభమయ్యెను. కార్లు కట్టు కర్మాగారములు సైన్యమునకు లారీలు కట్టసాగెను. యుద్ధానంతరము 1920 లో హోర్ఖ్ ఔడి కర్మాగారమును విడిచి బెర్లిన్ చేరి మోటారు విషయములందు నిపుణుడుగ సలహాలిచ్చుచు కాలము గడపెను. 1922 లో బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విద్యాపీఠము అతనికి గౌరవ డాక్టరు బిరుదమిచ్చెను.

1932 లో ఒక విచిత్రము జరిగెను. ఆర్థికమాంద్యమునకు తాళలేక సాక్సనీలోని నాలుగు మోటారు కంపెనీలు ఒక్కటై ఔటో యూనియన్ అను సంస్థగా నేర్పడెను. ఆ నాలుగింటికి గుర్తుగా ఒకదానితో నొకటి పెనవేసికొన్న నాలుగు వలయములు చిహ్నమయ్యెను. అందొకటి హోర్ఖ్ కంపెనీ, మఱియొకటి ఔడి కంపెనీ. ఇరువదిమూడేండ్ల క్రిందట న్యాయస్థానమున పోరాడిన రెండును ఇప్పుడు ఒకే కప్పు క్రిందికి వచ్చినవి. హోర్ఖ్ ఆ సంస్థ పర్యవేక్షకసభలో సభ్యుడయ్యెను. 1937 లో అతడు తన జీవితకథను గ్రంథముగ ప్రకటించెను; కార్లు కట్టుటయే తన వృత్తియని ఆ గ్రంథనామమే తెలుపును. 1939 లో త్స్వికావు నగరము అతనిని గౌరవపౌరునిగ చేసికొనెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఔటో యూనియన్ సంస్థ కర్మాగారములలో వేలకొలది నిర్బంధకార్మికులచేతను, నాజీ శిబిరముల బందీలచేతను బలవంతముగ పని చేయించిరి. ఆ దారుణమును 2014 లో చరిత్రకారులు వివరముగ గ్రంథస్థము చేసిరి. సంస్థ చరిత్రలో ఇది చెరపరాని మచ్చ. పర్యవేక్షకసభలో నుండిన హోర్ఖ్ జీవితమును చెప్పువారు దానిని దాటిపోరాదు.

1945 లో యుద్ధము ముగియునప్పటికి హోర్ఖ్‌కు డెబ్బదియారేండ్లు. త్స్వికావు ప్రాంతము సోవియెట్ సైన్యము వశమగుటకు మునుపే అతడు బవేరియా ఉత్తరభాగములోని మ్యున్ష్‌బెర్గ్ అను చిన్న ఊరికి చేరెను. హోర్ఖ్, ఔడి కర్మాగారములు రెండును క్రొత్త ప్రభుత్వము పరమైనవి. మ్యున్ష్‌బెర్గ్‌లో నిరాడంబరముగ జీవించి, 1951 ఫిబ్రవరి 3 వ తేదీన కన్ను మూసెను. అతని దేహమును వినింగెన్‌కు కొనిపోయి, ద్రాక్షతోటల నడుమ పుట్టినయూర సమాధి చేసిరి.

అతడు మరణించునప్పటికి ఔడి పేరుతో కార్లు తయారగుట లేదు. ఔటో యూనియన్ సంస్థ 1949 లో పశ్చిమ జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ నగరమున మరల నెలకొనియుండెను కాని, దాని బండ్లకు వేరొక పేరుండెను. 1965 లో అచ్చటివారు క్రొత్త కారును నిర్మించి, పాత పెట్టెలోని నగను తీసినట్లు ఔడి అను పేరును వెలికి తీసిరి. 1972 లో ఔడి 80 అను చిన్న కారును, 1980 లో నాలుగు చక్రములకును బలమందు క్వాట్రో అను కారును తెచ్చిరి. మంచుబాటలపై, కొండదారులపై ఇవి గడించిన పేరు ఆల్ప్స్ పరీక్షలనాటి కథను తలపించును. ఆనాటి ఔడి కార్లను కొని, నట్టు నట్టు విప్పి బాగుచేసి, ఆదివారములందు నడిపి మురియు అభిమానులు నేటికిని అనేకదేశములలో నున్నారు. ముసలి యింజను ధ్వనిని వినియే దాని క్షేమమును చెప్పగల నేర్పరులు వారిలో కొందరు.

త్స్వికావులో 1957 నుండి 1991 వరకు ట్రాబాంట్ అను చౌక కారు తయారయ్యెను. ఆ తరువాత అచ్చటి పాత ఔడి కర్మాగారపు భవనములలో మోటారు కార్ల ప్రదర్శనశాల నేర్పాటు చేసిరి. హోర్ఖ్ కార్లు, ఔడి కార్లు, ట్రాబాంట్ కార్లు అందు ప్రక్కప్రక్కనే నిలిచియున్నవి. 1910 లో ఏ పేరును ఆ గోడలపై వ్రాయరాదని న్యాయస్థానము తీర్పు చెప్పెనో, నేడు ప్రదర్శనశాలకు ఆ పేరే పెట్టబడినది: ఔగుస్ట్ హోర్ఖ్.